పాయా తిన్నది ఇద్దరూ, వాచింది ఒకరి వేలు

మలక్‌పేటలో ఉండే మా పెద్ద మామయ్యకి అర్ధరాత్రి కుడికాలి బొటనవేలు ఎర్రగా వాచింది. దుప్పటి అంచు తగిలినా కేకే. రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ డెసిలీటరుకి 8.9 మిల్లీగ్రాములు. అది పేరుకుని కీళ్లు వాచే జబ్బు, గౌట్. "ఆదివారం ఆదివారం పాయా వద్దంటే విన్నారా?" అంది అత్తయ్య. పక్కింట్లోనే ఉండే చిన్న మామయ్యదీ అదే గిన్నె, అదే గరిటె. ఆయనకి మాత్రం 5.1!

మాంసంలోనూ, మన కణాల్లోనూ ఉండే ప్యూరిన్లు అనే పదార్థాలు విరిగితే చివరికి మిగిలేది యూరిక్ యాసిడ్. అందులో తిండి వాటా దాదాపు మూడో వంతే, మిగతాది మన ఒంట్లోనే తయారవుతుంది. చాలా జంతువులకు దాన్ని ఇంకా విరగ్గొట్టే యూరికేజ్ ఎంజైము ఉంది. మన పూర్వీకుల్లో ఆ జన్యువు సుమారు కోటిన్నర ఏళ్ల కిందటే పాడైపోయింది. అంటే ఈ తగాదా పాయా కంటే చాలా పాతది.

అసలు కథ మూత్రపిండంలో ఉంది. వడకట్టిన యూరిక్ యాసిడ్‌లో సుమారు 90 శాతాన్ని అది మళ్లీ రక్తంలోకే లాక్కుంటుంది. అలా లాగే ద్వారాలు యూరాట్1, గ్లూట్9. రెండోదాన్ని తయారుచేసే జన్యువు ఎస్‌ఎల్‌సీ2ఏ9. బయటికి తోసే పంపు ఏబీసీజీ2, ఇది పేగుల్లోనూ ఉంటుంది. ఈ పంపు ఒక ప్రొటీన్, దాని గొలుసులో 141వ స్థానంలో గ్లుటమైన్ అనే అమైనో ఆమ్లం బదులు లైసిన్ పడిందంటే చాలు, పని రమారమి సగానికి పడిపోతుంది. ఇక రక్తంలో నిల్వ పెరుగుతుంది. 6.8 మిల్లీగ్రాములు దాటితే సూదుల్లాంటి స్ఫటికాలు కట్టే వీలుంది. ఒంట్లో చల్లగా ఉండే చోటు కాబట్టి కాలి వేలే ముందు దొరుకుతుంది. ఒకే తల్లి పిల్లలైనా ఈ జన్యువుల పంపకంలో వాటాలు ఒకేలా పడవు.

2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన వచ్చింది. అమెరికాలోని యూరప్ సంతతి వారి లెక్కల్లో, యూరిక్ యాసిడ్ స్థాయిలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో ఆహారపుటలవాట్లు వివరించగలిగింది 0.3 శాతం లోపు, జన్యువులు దాదాపు 24 శాతం. మన జనాభాకి అవే అంకెలు అతికించలేం. అలాగని బీరుకీ, కార్జానికీ క్లీన్‌చిట్ ఇచ్చినట్టూ కాదు, నొప్పి రేపడంలో వాటి చెయ్యి ఉంది.

మందులోనూ జన్యువుల పాత్ర ఉంది. హెచ్‌ఎల్‌ఏ-బి 58:01 అనే జన్యురకం ఉన్న కొందరికి, యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యురినాల్ మాత్ర వల్ల ఒళ్లంతా చర్మం ఊడేంత ప్రమాదం రావచ్చని 2005లో తైవాన్ పరిశోధకులు చెప్పారు. "దద్దురు కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే రండి" అని డాక్టరు అన్నప్పటి నుంచీ అత్తయ్య పాయా మాట ఎత్తట్లేదు. రోజూ పొద్దున్నే లైటు వేసి ఆయన వీపు చూస్తోంది.