ఛార్జరుకు శిక్ష, గీజరుకు క్షమాభిక్ష: పర్యావరణహిత ఇల్లు - అపోహలు, వాస్తవాలు

ఇళ్ళలో కరెంటు, నీళ్ళు ఎక్కడ ఎంత ఖర్చవుతున్నాయో కొలిచి చెప్పడం నా వృత్తి. మీటరు పట్టుకుని ఏ ఇంటికి వెళ్ళినా ముందుగా గుడ్డ సంచులు, వెదురు బ్రష్షులు, ప్లగ్గులోంచి తీసేసిన ఛార్జర్లు చూపిస్తారు. సంతోషమే. అయితే అసలు భారం చాలాసార్లు మరోచోట ఉంటుంది. చేతికి తగిలే వస్తువు దగ్గర మనకు అపరాధ భావం ఎక్కువ. కంటికి కనిపించని వేడి, వాయువు దగ్గర ఆ భావం దాదాపు ఉండదు. నేను తరచూ వినే అపోహల్లో సగానికి పైగా ఇక్కడే పుడతాయి.

అపోహ: ఛార్జరు ప్లగ్గులో వదిలేస్తే కరెంటు బిల్లు పెరిగిపోతుంది.

ఫోను తగిలించకుండా వదిలేసిన ఇప్పటి ఛార్జరు లాగేది 0.1 వాట్‌కు అటూ ఇటూగా ఉంటుంది. ఏడాది పొడవునా అలాగే ఉంచినా దాదాపు ఒక యూనిట్ ఖర్చవుతుంది. ఇప్పుడు 15 లీటర్లు పట్టే బకెట్‌ను తీసుకోండి. అందులోని నీటిని 25 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకు కాచడానికి అర యూనిట్‌కు కాస్త పైనే కావాలి. అంటే రెండు బకెట్ల వేడినీళ్ళు పోసుకుంటే ఆ ఛార్జరు ఏడాది కరెంటు అయిపోయినట్టే! నీటిని వేడెక్కించడం అంత బరువైన పని. కాబట్టి గీజరు ఉష్ణోగ్రత తగ్గించి పెట్టుకోవడం, వాషింగ్ మెషీన్‌లో మామూలు మురికి బట్టలను చన్నీళ్ళతోనే ఉతకడం, పొయ్యి మీది గిన్నెకు మూత పెట్టడం వంటివి ఛార్జర్లు తీసేయడం కన్నా ఎంతో ఎక్కువ ఫలితమిస్తాయి.

అలాగని నిద్రావస్థలో ఉన్న పరికరాలన్నీ అమాయకమైనవి కావు. రిమోట్‌తో ఆపినా పది వాట్లు లాగుతూనే ఉండే సెట్‌టాప్ బాక్సులు ఉన్నాయి. పది వాట్లంటే ఏడాదికి 88 యూనిట్లు. ప్లగ్గు తీయాలన్న పట్టుదల ఉంటే దాని మీద చూపించండి.

అపోహ: ఏసీని 16 డిగ్రీలకు పెడితే గది త్వరగా చల్లబడుతుంది.

మామూలు కంప్రెసర్ పనిచేసేది ఒకే వేగంతో. మీరు నొక్కిన అంకె అది ఎక్కడ ఆగాలో చెబుతుందే తప్ప ఎంత తొందరగా చల్లబరచాలో చెప్పదు. అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే ఇన్వర్టర్ ఏసీ అయినా గది బాగా వేడిగా ఉన్నప్పుడు ఎలాగూ పూర్తి వేగంతోనే మొదలవుతుంది. 16కి పెట్టి మరిచిపోవడం వల్ల మిగిలేది దుప్పటి కప్పుకోవాల్సిన అవసరం ఒక్కటే.

ఏసీ విషయంలో నన్ను ఇంతకన్నా ఎక్కువ కలవరపెట్టేది మరొకటి ఉంది: "ఏటా గ్యాస్ నింపించాలి" అనే నమ్మకం. ఏసీలోని గ్యాస్ ఇంధనం కాదు, వాడకంతో అయిపోయేది కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారుతున్నచోటు కనిపెట్టి మూయకుండా మళ్ళీ నింపితే అదీ గాల్లోకే పోతుంది. ఆ గ్యాస్ చేసే చేటు చిన్నదేమీ కాదు. ఎన్నో ఏసీల్లో ఉన్న ఆర్-410ఏ ఒక్క కిలో గాల్లో కలిస్తే, వందేళ్ళ లెక్కన సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఆర్-32 అయితే అందులో మూడో వంతు. ఆర్-290 అంటే ప్రొపేన్, దాని ప్రభావం వీటితో పోలిస్తే నామమాత్రం. కొత్త ఏసీ కొనేటప్పుడు కరెంటు పొదుపును తెలిపే స్టార్ గుర్తులతో పాటు ఈ గ్యాస్ పేరు కూడా చదవండి. పాతది పారేసేటప్పుడు గ్యాస్‌ను సిలిండరులోకి పట్టి తీసుకెళ్ళేవారికే అప్పగించండి. గొట్టం కోసి బుస్సుమని వదిలేసేవారిని చూస్తే నాకు నిజంగానే ఒళ్ళు మండుతుంది.

అపోహ: గుడ్డ సంచి ఎప్పుడూ ప్లాస్టిక్ సంచి కన్నా మేలు.

ఎన్నిసార్లు వాడతారన్నదాన్ని బట్టి ఉంటుంది. పత్తి పండించడానికి నీళ్ళు, ఎరువులు, నేయడానికి కరెంటు కావాలి. బ్రిటన్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వాతావరణ ప్రభావంలో పల్చటి ప్లాస్టిక్ సంచితో సమానం కావాలంటే నూలు సంచిని 131 సార్లు వాడాలి. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో వేరే పద్ధతిలో లెక్కించి, వాతావరణం ఒక్కటే చూస్తే 52 సార్లు అంది. అన్ని రకాల ప్రభావాలనూ కలిపి చూస్తే 7,100 సార్లు అంది. ఈ చివరి అంకెను పట్టుకుని గుడ్డ సంచి వాడేవారిని ఎగతాళి చేసేవారు ఒక సంగతి దాటేస్తారు. కాలువలకు అడ్డుపడే, పశువుల కడుపులో చేరే ప్లాస్టిక్ ఆ లెక్కల్లో లేదు. నా సలహా సులువు: ఉన్న సంచినే చిరిగేదాకా వాడండి, అది ప్లాస్టిక్‌దైనా సరే. సభల్లో, దుకాణాల్లో ఉచితంగా ఇచ్చే పదకొండో గుడ్డ సంచిని మర్యాదగా వద్దనండి.

అపోహ: త్రికోణం గుర్తు ఉంటే ఆ ప్లాస్టిక్ రీసైకిల్ అవుతుంది.

ఆ గుర్తులోని 1 నుంచి 7 వరకు అంకెలు 1988లో ప్లాస్టిక్ రకాన్ని తెలపడానికి వచ్చినవి. అంతే. 1, 2 అంకెలున్న సీసాలకు కొనేవారు దొరుకుతారు. 3, 6 ఉన్నవి తీసుకునేవారు అరుదు. 2015 దాకా ప్రపంచంలో పోగైన ప్లాస్టిక్ వ్యర్థాల్లో రీసైకిల్ అయింది సుమారు 9 శాతమేనని 2017లో వచ్చిన ఒక విస్తృత అధ్యయనం లెక్కగట్టింది.

అపోహ: "కంపోస్టబుల్" కవరు మట్టిలో వేస్తే కరిగిపోతుంది.

వాటిలో చాలావాటికి ఇచ్చే ధ్రువీకరణ పారిశ్రామిక కంపోస్టు కేంద్రాలకు సంబంధించింది. అక్కడ 58 డిగ్రీల దాకా వేడి నెలల తరబడి ఉంటుంది. పెరటి గుంతలో అంత వేడి అంతకాలం నిలవదు. ఇంటి కంపోస్టుకు పనికొస్తాయని ముద్ర వేసినవాటిలో కూడా 60 శాతం పూర్తిగా విచ్ఛిన్నం కాలేదని బ్రిటన్‌లో పౌరులతో చేయించిన ప్రయోగం 2022లో తేల్చింది. కొనే ముందు "ఇంటి కంపోస్టుకు" అని విడిగా రాసి ఉందేమో చూడండి. ఉన్నా పూర్తిగా నమ్మకండి.

అపోహ: ఇంట్లో కంపోస్టు పెడితే కంపు కొడుతుంది.

కంపు కొడితే గాలి ఆడడం లేదని, తడి ఎక్కువైందని అర్థం. ఒక వంతు తడి చెత్తకు రెండు వంతుల ఎండుటాకులో చింపిన అట్టముక్కలో వేసి, అప్పుడప్పుడు తిరగేస్తే చాలు. పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలకు మించి కారకూడదు. ఇదే చెత్త డంపింగ్ యార్డులో గాలి అందకుండా కుళ్ళితే మీథేన్ పుడుతుంది. ఇరవై ఏళ్ళ లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 80 రెట్లు వేడెక్కించే వాయువు. కంపోస్టు గుంత ఉంది కదా అని తిండి పారేయడం మాత్రం తిరకాసు వ్యవహారం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం అంచనా ప్రకారం 2022లో వృథా అయిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం ఇళ్ళ నుంచే.

అపోహ: వెనిగర్, బేకింగ్ సోడా కలిపితే అద్భుతమైన క్లీనర్.

ఒకటి ఆమ్లం, ఒకటి క్షారం. కలిపితే ఒకదాని బలాన్ని మరొకటి చంపుకుంటాయి. పొంగేది కార్బన్ డయాక్సైడ్, మిగిలేది కాస్త లవణం కలిసిన నీళ్ళు. విడివిడిగా వాడండి. బ్లీచింగ్ ద్రావణంలో మాత్రం వెనిగర్ ఎప్పుడూ కలపకండి, విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుంది.

అపోహ: కుండీలో మొక్కలు గది గాలిని శుభ్రం చేస్తాయి.

ఈ నమ్మకానికి ఊతమిచ్చిన 1989 నాటి నాసా ప్రయోగం గాలి చొరబడకుండా మూసిన చిన్న పెట్టెల్లాంటి అరల్లో చేసింది. ఇళ్ళకు వర్తింపజేస్తే, చదరపు మీటరుకు కనీసం పది మొక్కలైనా ఉంటే తప్ప కిటికీ తెరిచినంత ప్రయోజనం రాదని 2019 నాటి సమీక్ష తేల్చింది. పెంచుకోండి, అందం కోసం.

అపోహ: పాతవన్నీ తీసేసి కొత్తవి కొంటేనే పర్యావరణహితం.

వస్తువును బట్టి మారుతుంది. ఫోను జీవితకాలంలో విడుదలయ్యే కర్బన ఉద్గారాల్లో ఎక్కువ భాగం తయారీలోనే వస్తాయి. కాబట్టి ఎన్నేళ్ళు వాడితే అంత లాభం. ఫ్రిజ్ దీనికి విరుద్ధం, రాత్రింబవళ్ళు తిరుగుతూనే ఉంటుంది. కొత్తది కొన్నాక పాతదాన్ని సామాన్ల గదిలో ఖాళీగా తిప్పుతుంటే కొత్తది ఆదా చేసినదంతా అది మింగేస్తుంది. 60 వాట్ల పాత బల్బును మాత్రం మాడిపోయేదాకా ఉంచకండి. అంతే వెలుగును ఎల్‌ఈడీ 9 వాట్లకే ఇస్తుంది.