నాలుగు డైమన్ల తగాదా: రెండు రంగుల చేయి వెనక వందేళ్ల కథ

నల్గొండలో ఆదివారం సాయంత్రాలు మేం నలుగురం ఒక మిద్దె మీద కూర్చుని బ్రిడ్జ్ ఆడతాం. పోయిన నెల అక్కడ ఒక తగాదా వచ్చింది. నా కుడిపక్క ఆయన ‘రెండు ఆఠీన్లు’ అని వేలం పాట మొదలుపెట్టాడు. నా చేతిలో ఇస్పేటు ఆసు, రాణి, జాకీ, 9, 6. డైమను ఆసు, రాజు, జాకీ, 8, 5. ఆఠీను ఒక్కటే, కళావర్లు రెండూ చిన్నవే. నేను ‘నాలుగు డైమన్లు’ అన్నాను. ఎదురుగా ఉన్న నా భాగస్వామి పెద్దసార్ కాసేపు కళ్లద్దాలు తుడుచుకుని పాస్ అన్నారు.

ఆయన ముక్కలు పరిస్తే ఇస్పేటు రాజుతో పాటు మరో రెండు ఇస్పేట్లున్నాయి. డైమను రాణి కూడా ఉంది. పది ట్రిక్కులు (నలుగురూ తలో ముక్క వేసే ఒక చుట్టు గెలిస్తే ఒక ట్రిక్కు) చేసి 130 రాసుకున్నాం. నాలుగు ఇస్పేట్లు పాడి ఉంటే అవే పది ట్రిక్కులకు 620 వచ్చేది. ఆ బోర్డులో మేం వల్నరబుల్, అంటే బోనస్‌లూ జరిమానాలూ పెద్దవి. 490 పాయింట్లు మిద్దె మీద గాలికి కొట్టుకుపోయాయి.

“నువ్వు డైమన్ అన్నవ్. నేను డైమన్లనే ఉంచిన. తప్పేంది?” అన్నారు పెద్దసార్.

నేను నాలుగు డైమన్లతో చెప్పింది డైమన్లు, ఇస్పేట్లు రెండూ ఉన్నాయని. ఆ పద్ధతి పేరు లీపింగ్ మైకేల్స్. ఆయనకది తెలియదు. ఆయన తప్పేమీ లేదు. నాదీ లేదనే ఇప్పటికీ నా వాదన. ఆయన డెబ్బయ్యవ దశకంలో నాగార్జునసాగర్ హిల్ కాలనీలో, ప్రాజెక్టు ఉద్యోగిగా సాయంత్రాలు సీనియర్ల పక్కన కూర్చుని ఆట నేర్చుకున్నారు. నేను 2020 లాక్‌డౌన్‌లో ఫోన్ మీద, ఫ్రెడ్ గిటెల్‌మన్ 2001లో మొదలుపెట్టిన బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్‌లో నేర్చుకున్నాను. ఈ రెండు చదువుల మధ్య యాభై ఏళ్ల దూరం ఉంది. ఆ రోజు నాలుగు డైమన్ల సంగతి అలా ఉంచండి, ముందు పడ్డ రెండు ఆఠీన్లకే ఆయన కాలంలో వేరే అర్థం.

కథలోకి పోయే ముందు ఒక మాట. మా జిల్లాలో ‘పేకాట ఆడుతున్నాం’ అంటే ఇంట్లో వాళ్లకే టెన్షన్. పేకాట స్థావరంపై దాడి అనే వార్త పేపర్లో ఎప్పుడూ చదివేదే కదా. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో 1967 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పిస్తూ, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అంది. అందులో ఉన్న అదృష్టం పాలు బ్రిడ్జ్‌లో ముక్కలు పంచినప్పుడు ఉండేలాంటిదే అని పోల్చింది. అంటే బ్రిడ్జ్ సంగతి అప్పటికే తేలిపోయినట్టు, రమ్మీకి అదే కొలబద్ద. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ జోడీ మన దేశానికి బ్రిడ్జ్‌లో స్వర్ణం తెచ్చాక మా ఇంట్లో సణుగుడు కొంచెం తగ్గింది.

ఇక అసలు సంగతి. బ్రిడ్జ్‌లో ముక్కలు వేసే ముందు పాట ఉంటుంది. ఏ రంగు తురుపుగా, ఆరు ట్రిక్కులకు పైన ఇంకెన్ని చేస్తామో వేలంలా పాడాలి. ఒక కళావరు నుంచి ఏడు నో ట్రంప్ దాకా మొత్తం 35 మెట్లు. కళావరు అన్నిటికంటే కింద, ఆ పైన వరుసగా డైమను, ఆఠీను, ఇస్పేటు, చివర నో ట్రంప్, అంటే తురుపు లేని ఆట. పాట పైకి పోవాల్సిందే, కిందికి దిగేది లేదు.

పాత ఆక్షన్ బ్రిడ్జ్‌లో తక్కువ పాడి ఎక్కువ ట్రిక్కులు చేసినా అవి గేమ్ (పెద్ద బోనస్ తెచ్చే స్కోరు) లెక్కలోకి వచ్చేవి. 1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ అనే అమెరికన్ సంపన్నుడు లాస్ ఏంజెలెస్ నుంచి పనామా కాలువ మీదుగా హవానాకు పోయే ఓడలో, తోటి ప్రయాణికులతో కొత్త స్కోరింగ్ పరీక్షించి చూశాడు. పాడిన ట్రిక్కులే గేమ్‌కు లెక్క. ఫ్రాన్స్‌లో ప్లాఫాన్ అనే ఆటలో ఈ సూత్రం ముందే ఉంది. దానికి వల్నరబిలిటీని, పెద్ద బోనస్‌లను జోడించిన ఘనత ఆయనది. ఇప్పుడు మనం ఆడే కాంట్రాక్ట్ బ్రిడ్జ్ అదే.

నా లెక్కలో ఈ తగాదాకు విత్తనం పడింది ఆ ఓడలోనే. గేమ్ పాడితేనే గేమ్ అన్నప్పుడు, భాగస్వాములిద్దరూ తమ చేతులు ఒకరికొకరు చెప్పుకోవడానికి మెట్లు కావాలి. ఆ మెట్లు లాగేస్తే అవతలి వాళ్లు గుడ్డివాళ్లవుతారు. ప్రీఎంప్ట్ అంటే అదే. మా పక్క ఊళ్లలో చెరువు చేపల వేలంలో ఒకాయన ఉంటాడు. పాట సర్కారీ ధర దగ్గర మొదలు కాగానే ఒక్కసారిగా పెద్ద అంకె అరుస్తాడు. మిగతా వాళ్లు తలలు దగ్గర పెట్టి మాట్లాడుకునే లోపే పాట నెత్తి మీదికి వచ్చి ఉంటుంది. చెరువులో చేపలు లేకపోతే నష్టం ఆయనదే. ఆ నష్టానికి లెక్క వేసుకునే అరుస్తాడు.

బ్రిడ్జ్‌లో ఆ లెక్క కట్టిచ్చింది అమెరికన్ ఆటగాడు ఈలీ కల్బర్ట్‌సన్. ఆయన చెప్పిన ‘రెండు, మూడు’ సూత్రం ప్రకారం, వల్నరబుల్ అయితే చేతిలో ఉన్నదానికంటే రెండు ట్రిక్కులు, కాకపోతే మూడు ట్రిక్కులు ఎక్కువ పాడొచ్చు. అవతలి వాళ్లు డబుల్ చేసి, అంటే పందెం పెంచి, పడగొడితే రెండు సందర్భాల్లోనూ పోయేది 500. అవతలి వాళ్ల గేమ్ విలువ 420 లేదా 620 అయినప్పుడు 500 భరించదగ్గ నష్టమే. తర్వాత 1987లో వల్నరబుల్ కాని వాళ్లకు నాలుగు ట్రిక్కులు తగ్గితే జరిమానా 700 నుంచి 800కు పెంచారు కానీ, అప్పటికి ప్రీఎంప్ట్ అలవాటు రక్తంలో కలిసిపోయింది.

మూడు ఇస్పేట్లతో మొదలుపెట్టినవాడు 13 మెట్లు దూకి 14వ దాని మీద కూర్చుంటాడు. మన గేమ్ ఆఠీన్లలో ఉంటే అది 18వ మెట్టు. మధ్యలో మిగిలినవి మూడు నో ట్రంప్, నాలుగు కళావర్లు, నాలుగు డైమన్లు మాత్రమే. ఆ మూడు మెట్లలో ఒక్కోదానికి ఏ అర్థం ఇవ్వాలన్నదే ఈ చరిత్రంతా.

మొదట్లో గొడవ డబుల్ గురించి. ప్రీఎంప్ట్ మీద డబుల్ అంటే ‘వీళ్లను పడగొడదాం’ అనా, ‘నువ్వు నీ రంగు చెప్పు’ అనా? హ్యారీ ఫిష్‌బైన్ అనే న్యూయార్క్ ఆటగాడు, ఎప్పుడూ బెరే టోపీతో కనబడేవాడట, డబుల్‌ను పడగొట్టడానికే ఉంచి, ఆ పై రంగు పాడితే రంగు అడిగినట్టు అన్నాడు. మూడు ఆఠీన్ల మీద మూడు ఇస్పేట్లు అంటే ఇస్పేట్లు ఉన్నట్టు కాదన్నమాట. నిజంగా ఇస్పేట్లు ఉన్నవాడి గతేమిటి? బ్రిటన్‌లో కొందరు మూడు నో ట్రంప్‌ను ఆ పనికి వాడారు, దాంతో అసలు మూడు నో ట్రంప్ ఆడే దారి మూసుకుపోయింది. చివరికి రంగు అడిగే డబుల్, అంటే టేకౌట్ డబులే నిలిచింది.

కానీ టేకౌట్ డబుల్ మూడు రంగులున్న చేతికి పనికొస్తుంది. రెండు రంగుల చేతికి అది వల. నా చేతినే తీసుకోండి. నేను డబుల్ అంటే పెద్దసార్ చేతిలో ఐదు కళావర్లున్నాయి కాబట్టి మూడు కళావర్లు అంటారు. నా దగ్గర కళావర్లు రెండే. అప్పుడు నేను మూడు ఇస్పేట్లు అంటే డైమన్ల సంగతి ఆయనకు తెలిసేదెలా? పోనీ మొదటే రెండు ఇస్పేట్లు అని ఊరుకుంటే, పెద్ద ముక్కల లెక్కలో ఐదు పాయింట్ల చేత్తో ఆయన కదలరు. నేను ఆయన స్థానంలో ఉన్నా కదలను.

ఒక్క పాటతో రెండు రంగులు చెప్పాలన్న ఆలోచన 1948 ప్రాంతంలో అమెరికన్ ఆటగాడు ఆల్విన్ రోత్‌తో మొదలైంది. అవతలివాడు ఒక ఆఠీను లేదా ఒక ఇస్పేటు అన్నాక మనం ఎగిరి (ఒక స్థాయి దాటి) రెండు నో ట్రంప్ అంటే, నో ట్రంప్ ఆడతామని కాదు, కళావర్లు, డైమన్లు రెండూ పొడుగున్నాయని. అరవయ్యవ దశకానికి మయామీ బీచ్‌కు చెందిన మైక్ మైకేల్స్ ఇంకో ముక్క కలిపాడు. అవతలివాడి రంగునే మనం పాడితే, అది ఇస్పేటుగానీ ఆఠీనుగానీ అయితే, ఆ రెంటిలో మిగిలిన రంగూ, కింది రంగుల్లో ఒకటీ ఉన్నట్టు. కళావరో డైమనో అయితే పై రంగులు (ఆఠీన్లు, ఇస్పేట్లు) రెండూ. దాన్నే ఇప్పటికీ మైకేల్స్ అంటారు.

ఇవన్నీ ఒకటో స్థాయి ఓపెనింగ్, అంటే మొదటి పాట, మీద. పెద్దసార్ నేర్చుకున్న, అమెరికన్ బ్రిడ్జ్ రచయిత గోరెన్ పద్ధతిలో ‘రెండు ఆఠీన్లు’ అంటే భారీ చేయి, గేమ్ ఖాయం. అలాంటివాడి మీద మనం పోటీ పాడేది ఎక్కడ? అందుకే దానికి ఆయుధాలే తయారు కాలేదు. అమెరికాలో హోవర్డ్ షెంకెన్ ప్రచారం చేసిన బలహీన రెండు, అంటే ఆరు ముక్కల రంగుతో తక్కువ పాయింట్ల ఓపెనింగ్, మెల్లగా క్లబ్బులన్నిటికీ పాకాక కథ మారింది. ఇప్పుడు రెండు ఆఠీన్లు అంటే చెరువు వేలంలో అరిచినవాడే.

దాని మీద నాలుగు డైమన్లకు ఎగరడం ఎందుకు ఖాళీగా ఉండిపోయిందో పెద్దసార్‌కు చెప్పడానికి నాకు రెండు టీలు పట్టాయి. ప్రీఎంప్ట్ మీద ప్రీఎంప్ట్ చేయరాదన్నది పాత నియమం. అవతలివాడు ముందే బలం లేదని చెప్పేశాడు, ఇక మనం అడ్డుకునేది ఎవర్ని? కాబట్టి ఆ ఎగురుడుకు బలహీన అర్థం పనికిరాదు. బలమైన ఒంటి రంగు చేయి అయితే మూడు నో ట్రంప్, ఐదు డైమన్లు లాంటి వేరే దారులున్నాయి. అలా ఖాళీగా పడి ఉన్న మెట్టును రెండు రంగుల చేతికి ఇచ్చారు. ఇదే లీపింగ్ మైకేల్స్. రెండు ఆఠీన్ల మీద నాలుగు కళావర్లు అంటే కళావర్లు, ఇస్పేట్లు ఐదేసి. నాలుగు డైమన్లు అంటే డైమన్లు, ఇస్పేట్లు. రెండు ఇస్పేట్ల మీదైతే ఇస్పేట్ల చోట ఆఠీన్లు. రెండు డైమన్ల మీద నాలుగు కళావర్లంటే కళావర్లతో పాటు పై రంగుల్లో ఒకటి, నాలుగు డైమన్లంటే పై రంగులు రెండూ. చేయి గట్టిదై ఉండాలి, భాగస్వామి పాస్ అనకూడదు. పాత మైకేల్స్ మూడు ఆఠీన్లకంటే ఇందులో లాభం, కింది రంగు ఏదో మళ్లీ అడగక్కర్లేదు. పైగా మూడు ఆఠీన్లు మిగిలిపోతుంది. చాలామంది దాన్ని ‘ఆఠీన్లలో నీకు ఆపు (వాళ్ల రంగును ఆపే పెద్ద ముక్క) ఉంటే మూడు నో ట్రంప్ పాడు’ అనడానికి వాడతారు.

మూడో స్థాయి ప్రీఎంప్ట్ మీద ఇదే అర్థంతో, ఎగరకుండానే నాలుగు కళావర్లు, నాలుగు డైమన్లు పాడతారు. పేరు నాన్ లీపింగ్ మైకేల్స్. ఇక్కడ నాకు కొంచెం అనుమానం ఉంది. రెండో స్థాయిలో మనం వదులుకున్నది ఎవరూ వాడని మెట్టు. మూడో స్థాయిలో వదులుకునేది రోజూ పనికొచ్చేది. మూడు ఆఠీన్ల మీద ఒట్టి కళావర్ల చేయి వస్తే ఇక నాలుగు కళావర్లు అనలేం. ఇక నాలుగు ఇస్పేట్ల ఓపెనింగ్ మీద మిగిలింది నాలుగు నో ట్రంప్, అంటే ఏవో రెండు రంగులున్నాయని. ఆ పైన దేవుడి దయ.

అసలు ఖర్చు ఇంకోటుంది. సరిగ్గా ఐదేసి ముక్కల రెండు రంగుల చేయి వందలో నాలుగుసార్లు వస్తుంది. దానికి ముందు అవతలివాడు ప్రీఎంప్ట్ చేసి ఉండాలి, మన చేయి గట్టిదై ఉండాలి. ఏడాదికోసారి వాడే పనిముట్టు అటక మీద ఎక్కడ పెట్టామో గుర్తుండదు. ఒకరికే గుర్తుంటే 130.

పోయిన ఆదివారం పెద్దసార్ ఒక నోటుబుక్కు తెచ్చారు. రెండో స్థాయి మీద లీపింగ్ మైకేల్స్ ఒప్పుకుని తన చేత్తోనే రాశారు. మూడో స్థాయి మీద మాత్రం నాలుగు కళావర్లంటే కళావర్లే అన్నారు, నేనూ సరేనన్నాను. మరి ఎవరైనా మల్టీ రెండు డైమన్లు పాడితే ఏం చేద్దామని అడిగాను. 1969లో బ్రిటిష్ ఆటగాళ్లు రీస్, ఫ్లింట్ తయారుచేసిన ఆ పాటలో వాడి రంగు ఆఠీనో ఇస్పేటో మొదట్లో మనకే తెలియదు. ఆయన పెన్ను మూత పెట్టేసి, “నల్గొండల మల్టీ ఎవరాడ్తరయ్యా, వచ్చినప్పుడు సూద్దాం, పంచు” అన్నారు.