ఆకు రసంలో బంగారం పలుకు ఎంత ఉండాలి?

చిత్తూరు నుంచి ఒక పాఠకుడు అడిగారు: "సార్, ఆకు రసంతో చేసిన సన్నటి బంగారు రేణువులను స్కానింగ్‌లో ఎక్కించే 'డై' (లోపలి భాగాలు స్పష్టంగా కనబడేలా చేసే మందు) లాగా వాడతారట కదా, ఇది మన స్వర్ణభస్మం లాంటిదేనా?" కాదు. బంగారం ఒంటికి మంచిదనే నమ్మకానికీ దీనికీ సంబంధమే లేదు. ఎక్స్‌రేకి కావలసింది బరువైన పరమాణువు, అంతే. ఇప్పుడు ఎక్కించే అయోడిన్ పరమాణు సంఖ్య 53, బంగారానిది 79. అలాగని బంగారం అన్నిచోట్లా గెలవదు. ఎక్స్‌రే శక్తి 33 నుంచి 80 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (ఆ శక్తిని కొలిచే యూనిట్) మధ్య ఉన్నప్పుడు గ్రాముకి గ్రాము అయోడినే ఎక్కువ ఎక్స్‌రేని ఆపుతుంది. 80.7 దాటగానే బంగారంలో కేంద్రకానికి అతి దగ్గరున్న ఎలక్ట్రాన్లను కూడా ఎక్స్‌రే ఊడబెరకగలుగుతుంది, శోషణ ఒక్కసారిగా నాలుగు రెట్లవుతుంది, 100 దగ్గర అయోడిన్ కంటే రెండున్నర రెట్లు పైనే.

ఇక ఆకు సంగతి, నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. బంగారం అయాన్లుగా కరిగి ఉన్న పసుపుపచ్చటి క్లోరోఆరిక్ ఆమ్లంలో ఆకు రసం పోస్తే, రసంలోని పాలీఫినాల్స్ (వగరునిచ్చే పదార్థాలు) బంగారు అయాన్లకు ఎలక్ట్రాన్లిస్తాయి, ద్రావణం ఎర్రబడుతుంది. మన వైపు బెల్లం వండేచోట నిలబడి చూసినవాళ్లకి తర్వాత జరిగేది ఇట్టే అర్థమవుతుంది. ముదిరిన పాకాన్ని తిప్పుతూ చల్లారిస్తే ఎక్కడికక్కడ పలుకు పుట్టి, ఉన్న చక్కెరనంతా పంచుకుని సన్నగా ఉండిపోతుంది. అదే కదపకుండా దారం వేలాడదీసి రోజులకొద్దీ వదిలేస్తే నాలుగు పలుకులే పుట్టి కలకండలా పెద్దవవుతాయి. బంగారమూ అంతే: చురుకైన రసం ఒకేసారి బోలెడు పలుకులు పుట్టిస్తుంది, మందకొడి రసం కొన్నే పుట్టించి లావు చేస్తుంది. పాకంలో నిమ్మరసం పిండితే చక్కెర కొంత విడిపోయి, ఆ విడిపోయిన ముక్కలు పలుకు పెరగకుండా అడ్డుపడతాయి కదా, ఇక్కడ ఆ పని ఆకులోని ప్రొటీన్లు, టానిన్లు చేస్తాయి. బంగారం చుట్టూ అంటుకుని పెరుగుదల ఆపుతాయి, రేణువులు ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తాయి. పుట్టించేదీ ఆపేదీ ఒకే రసం!

ఆకారం కూడా రసాన్నిబట్టే. 2004లో పుణే జాతీయ రసాయన ప్రయోగశాల వాళ్లు నిమ్మగడ్డి రసంతో చేస్తే త్రికోణపు రేకులొచ్చాయి.

సైజు మీద ఇంత పట్టుదల ఎందుకంటే, దాదాపు 5 నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటరులో పదిలక్షో వంతు) లోపువి కిడ్నీల ద్వారా మూత్రంలో పోతాయి, పెద్దవాటిని కాలేయం, ప్లీహం పట్టేసి నెలల తరబడి దాచుకుంటాయి. అందుకే "మొక్కతో చేసింది కాబట్టి సేఫ్" అనే మాట నేను ఒప్పుకోను. వానాకాలపు ఆకూ ఎండాకాలపు ఆకూ ఒకే రసం ఇవ్వవు, ప్రతిసారీ ఒకే సైజు రాకపోతే మనిషికి ఎక్కించలేం. బంగారాన్ని స్థిరపరచడానికి తుమ్మ జాతి చెట్టు బంకను వాడి, జంతువుల్లో ఎక్స్‌రే పరీక్షలు కూడా చేసిన ఫలితాలు 2007లో వచ్చాయి. బంక అయితే ఆకు రసంకన్నా నిలకడగా ఉంటుందని నాకు అందులో ఎక్కువ ఆశ.

ఖర్చు ఇంకో అడ్డు. 2006లో ఎలుకలకు (ల్యాబులో చేసిన 1.9 నానోమీటర్ల రేణువులే) కిలో బరువుకి 2.7 గ్రాముల బంగారం ఇచ్చారు. ఆ లెక్కన 60 కిలోల మనిషికి 162 గ్రాములు, అంటే ఇరవై సవర్ల పైమాటే. కాబట్టి రక్తమంతా నింపడం కాకుండా, కణితిని వెతుక్కుని అంటుకునే అణువులను రేణువుకి తగిలించి, కొద్ది బంగారం అక్కడే పోగయ్యేలా చేయడం మీదే ఇప్పుడు చాలామంది పనిచేస్తున్నారు.