జేసన్ అర్రేలోంచి విలువను తీసేయడం: అపోహలు - వాస్తవాలు

జేసన్ అంటే ప్రోగ్రాములు డేటాను అక్షరాల రూపంలో పంపుకునే పద్ధతి, అర్రే అంటే అందులో విలువల వరుస జాబితా. ఆ అర్రేలోంచి ఫలానా విలువ తీసేయమంటే కొత్తగా చేరినవాళ్లు ఐదు నిమిషాల పని అంటారు. కోడ్ రివ్యూల్లో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. తీసేయడం తేలికే. తీసేయాల్సినదాన్ని సరిగ్గా పోల్చుకోవడం, అది అసలు లేకపోతే ఏం జరగాలో ముందే తేల్చుకోవడం కష్టం.

అపోహ: జావాస్క్రిప్ట్‌లో ఇండెక్స్‌ఆఫ్‌తో విలువ ఉన్న స్థానం వెతికి, స్ప్లైస్‌తో ఆ స్థానంలోది తీసేస్తే చాలు.

వాస్తవం: విలువ ఉన్నప్పుడే చాలు. లేకపోతే ఇండెక్స్‌ఆఫ్ మైనస్ 1 ఇస్తుంది. స్ప్లైస్ దాన్ని చివరి స్థానంగా తీసుకుంటుంది. అల్లం, వెల్లుల్లి, చింతపండు ఉన్న అర్రేలోంచి బెల్లం తీసేయమంటే చింతపండు పోతుంది. ఎర్రరూ రాదు, లాగ్‌లో ఏమీ పడదు. పైథాన్‌లో లిస్టు రిమూవ్ అయితే విలువ లేదని వెంటనే వాల్యూఎర్రర్ ఇస్తుంది. నాకు ఆ పద్ధతే నచ్చుతుంది. అయితే రెండూ మొదట దొరికినదాన్నే తీస్తాయి. అదే విలువ మళ్లీ ఉంటే అది అలాగే ఉండిపోతుంది.

అపోహ: అయితే లూప్‌లో తిరుగుతూ అన్నీ తీసేద్దాం.

వాస్తవం: ఒకటి తీయగానే వెనకవి ఒక గడి ముందుకు జరుగుతాయి, లూప్ మాత్రం తర్వాతి గడికి వెళ్లిపోతుంది. పక్కపక్కనే రెండు బెల్లాలుంటే రెండోది తప్పించుకుంటుంది. షరతుకు సరిపోయినవాటినే ఉంచే ఫిల్టర్ వాడండి. అది కొత్త అర్రే ఇస్తుంది, పాతదాన్ని ముట్టుకోదు కాబట్టి ఫలితాన్ని ఎక్కడైనా దాచుకోవాలి.

అపోహ: డిలీట్ అంటే తీసేసినట్టే.

వాస్తవం: జావాస్క్రిప్ట్‌లో గడి ఖాళీ అవుతుంది, పొడవు తగ్గదు. జేసన్‌గా మార్చి పంపితే అక్కడ నల్ (విలువ లేదని చెప్పే గుర్తు) కనిపిస్తుంది. పీహెచ్‌పీలో మధ్య గడిని అన్‌సెట్‌తో తీసేసి జేసన్ ఎన్‌కోడ్ చేస్తే, గడుల నంబర్ల వరుస తెగి, అర్రే కాస్తా ఆబ్జెక్ట్ (పేరు-విలువ జంటల రూపం) అయిపోతుంది, అటువైపు లిస్టు కోసం చూసే మొబైల్ యాప్ ఆగిపోతుంది. అర్రే వాల్యూస్‌తో నంబర్లు మళ్లీ వరుసగా వేయించాలి.

అపోహ: డేటాబేస్‌లోనే ఒక్క అప్‌డేట్‌తో అయిపోతుంది.

వాస్తవం: నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇదే. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో జేసన్ సెర్చ్‌తో విలువ ఉన్న చోటికి దారి కనుక్కుని జేసన్ రిమూవ్‌కి ఇవ్వడం చాలామందికి అలవాటు. విలువ దొరకకపోతే సెర్చ్ నల్ ఇస్తుంది. దారి నల్ అయితే రిమూవ్ కూడా నల్ ఇస్తుంది. ఏ వరుసలు మార్చాలో చెప్పే వేర్ షరతు లేకపోతే ఆ విలువ లేని ప్రతి వరుసలోనూ అర్రే మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఇలా ఖాళీ అయిన ఒక టేబుల్‌ని బ్యాకప్‌లోంచి వెనక్కి తెచ్చుకుంటూ ఒక రాత్రంతా కూర్చున్నాను. అప్పటినుంచి అలాంటి కాలమ్‌కి నాట్ నల్ (నల్‌ని ఒప్పుకోని నియమం) పెట్టకుండా వదల్లేదు. పైగా ఆ సెర్చ్ స్ట్రింగులనే వెతుకుతుంది. అంకెల అర్రేలో 17 కళ్లముందే ఉన్నా దొరకదు.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో జేసన్‌ని దాచే జేసన్‌బీ రకంలో మైనస్ గుర్తు హాయిగా ఉంటుంది: స్ట్రింగ్ ఇస్తే సరిపోలినవన్నీ తీసేస్తుంది. కానీ అంకె ఇస్తే దాన్ని స్థానంగా తీసుకుంటుంది, విలువగా కాదు.

అపోహ: తెరమీద ఒకేలా కనిపిస్తే రెండూ ఒకే విలువ.

వాస్తవం: తెలుగు డేటాతో పనిచేసేవాళ్లు ఇది తప్పక చూడాలి. 'హైదరాబాద్'లో ఐత్వాన్ని, అక్షరాలకు కోడ్‌లిచ్చే యూనికోడ్‌లో ఒకే కోడ్‌గా రాయొచ్చు, ఎత్వానికి ఐత్వపు గుర్తు చేర్చి రెండు కోడ్‌లుగానూ రాయొచ్చు. కంటికి తేడా లేదు, పోలికలో మాత్రం రెండూ వేర్వేరు. పోల్చేముందు రెండువైపులా నార్మలైజ్ చేస్తే, అంటే ఒకే కోడ్ రూపానికి తెస్తే, ఇది సర్దుకుంటుంది.

'సాఫ్ట్‌వేర్'లో పొల్లు తర్వాత వచ్చే జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు) మాత్రం నార్మలైజ్ చేసినా పోదు. ఒకరు దానితో టైప్ చేస్తారు, ఇంకొకరు అది లేకుండా. దాచిన మాటలోంచి దాన్ని తీసేయకండి, తీసేస్తే 'వ' కిందికి దిగి వత్తుగా మారిపోతుంది. పోలిక కోసం విడిగా ఒక నకలు చేసుకుని, అందులోంచే తీసేయండి. నేను ఆ నకలును విలువ సేవ్ అయ్యేటప్పుడే పక్క కాలమ్‌లో రాసి ఉంచుతాను, ఫిల్టర్ దాన్నే చూస్తుంది.