కామెర్ల వైరస్‌ను పట్టించిన తెల్ల గీత

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్ళకు తాతయ్య ఆశీస్సులు.

హెపటైటిస్ అంటే కామెర్లేనా అని మొన్న ఫోన్లో అడిగారు కదా. కాలేయానికి వాపు వస్తే హెపటైటిస్ అంటాం. కళ్ళు పచ్చబడటం దానికి ఒక గుర్తు మాత్రమే. హెపటైటిస్ బి ఉన్నవాళ్ళలో చాలామందికి ఏ గుర్తూ కనబడకుండానే ఏళ్ళ తరబడి లోపల కాలేయం పాడవుతూ ఉంటుంది. బ్లడ్ బ్యాంకు ల్యాబులో పనిచేసినన్నాళ్ళూ ప్రతి బ్యాగుకీ ఆ వైరస్ పరీక్ష చేసేవాణ్ణి. ఆ పరీక్ష ఎలా పుట్టిందో మీకు చెప్పాలని ఎప్పటినుంచో ఉంది.

ఆ పరీక్షకు దారి చూపిన అమెరికా వైద్య పరిశోధకుడు బరూక్ బ్లంబర్గ్ గారు 1925లో న్యూయార్క్‌లో పుట్టారు. మెడిసిన్ చదివే రోజుల్లో దక్షిణ అమెరికాలోని సూరినామ్‌కి వెళ్ళారు. చెరకు తోటల్లో పనికని మన దేశం నుంచి, జావా నుంచి, ఆఫ్రికా నుంచి తీసుకొచ్చినవాళ్ళ సంతతి అక్కడ ఉండేది. బోదకాలు కొందరికి ఎక్కువగా, కొందరికి తక్కువగా రావడం ఆయన గమనించారు. ఒకే ఊళ్ళో ఉంటూ ఒకరికి జబ్బు చేస్తుంది, పక్కవాళ్ళకి ఎందుకు చెయ్యదు? కాలేయం సంగతి అప్పటికి ఆయన మనసులోనే లేదు.

ఆ ప్రశ్నతోనే దేశదేశాల రక్తం సేకరించారు. గాజు పలక మీద జెల్ పోసి, అందులో చిన్న చిన్న గుంటలు చేసేవారు. ఒక గుంటలో ఎన్నోసార్లు రక్తం ఎక్కించుకున్న రోగి సీరం, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే పల్చటి ద్రవం, వేసేవారు. పరాయి రక్తంలోని కొత్త పదార్థాల మీద అలాంటివాళ్ళ ఒంట్లో యాంటీబాడీలు, అంటే వాటిని గుర్తుపట్టి పట్టుకునే ప్రోటీన్లు, పుట్టి ఉంటాయి. చుట్టూ ఉన్న గుంటల్లో వేరేవాళ్ళ సీరం వేసేవారు. రెండూ జెల్‌లో మెల్లగా పాకి ఎదురుపడతాయి. యాంటీబాడీకి తనకు తెలిసిన పదార్థం తగిలితే అక్కడ సన్నని తెల్ల గీత పడుతుంది. 1963లో న్యూయార్క్‌లోని ఒక హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) రోగి సీరానికీ, ఆస్ట్రేలియా ఆదివాసీ ఒకరి సీరానికీ మధ్య అలాంటి గీత పడింది. తోటి పరిశోధకుడు హార్వే ఆల్టర్ గారు రంగు వేసి చూస్తే, మునుపటి గీతల్లా అది కొవ్వును చూపే రంగును పెద్దగా పట్టలేదు. అంటే అది వేరే ఏదో పదార్థం. దానికి ఆస్ట్రేలియా యాంటిజెన్ (యాంటిజెన్ అంటే యాంటీబాడీ పట్టుకునే పదార్థం) అని పేరు పెట్టి వెంటపడ్డారు.

అది వంశపారంపర్యంగా వచ్చేదని మొదట అనుకున్నారు. కానీ 1966లో, ముందు ఆ పదార్థం లేని ఒక రోగి రక్తంలో తర్వాత అది కనబడింది. పుట్టుకతో వచ్చేదైతే మధ్యలో ఎలా వస్తుంది? పరీక్షిస్తే అతనికి హెపటైటిస్ అని తేలింది. తర్వాత ఆ ల్యాబులోనే పనిచేసే ఒకామె ఒంట్లో బాగోక, తన సీరాన్ని తానే జెల్‌లో వేసి చూసుకుంది. గీత పడింది! తర్వాత ఆమె కోలుకుంది. నేనూ ల్యాబు మనిషినే కాబట్టి, ఆ పలక చూసినప్పుడు ఆమెకు ఎంత టెన్షన్ పుట్టి ఉంటుందో ఊహించగలను.

ఆ గీత హెపటైటిస్ బి వైరస్ పైపొరది. దాంతో దాతల రక్తాన్ని పరీక్షించడం వీలైంది. ఆ పైపొరతోనే టీకా చేయవచ్చని బ్లంబర్గ్, ఆయన తోటి పరిశోధకుడు ఇర్వింగ్ మిల్‌మన్ చూపించారు. బ్లంబర్గ్ గారికి 1976లో నోబెల్ వచ్చింది. 1981లో అమెరికాలో టీకాకు అనుమతి దొరికింది. మన హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి గారు తల్లి పేరిట స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ కంపెనీ 1997లో హెపటైటిస్ బి టీకాను చవకగా తెచ్చింది. అప్పటిదాకా విదేశీ టీకా మామూలు ఇళ్ళవాళ్ళకు అందేది కాదు.

కామెర్లకు మన ఊళ్ళలో నేల ఉసిరి పసరు తాగిస్తారు కదా, దాన్ని కూడా బ్లంబర్గ్ గారు కొట్టిపారెయ్యలేదు. మద్రాసు వైద్యులతో కలిసి రోగులకు ఇచ్చి చూశారు, 1988లో ఆశ కలిగించే ఫలితమే ప్రకటించారు. తర్వాత వేరేవాళ్ళు చేసిన పరీక్షల్లో అది నిలబడలేదు. అంత శ్రద్ధగా పరీక్షించి చూశారు కాబట్టే ఈ రోజు ఎవరైనా అడిగితే పసరును నమ్ముకోవద్దు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి అని గట్టిగా చెప్పగలుగుతున్నాను.

తల్లి నుంచి పుట్టిన బిడ్డకు ఈ వైరస్ సోకితే, నూటికి తొంభై మందిలో అది ఉండిపోతుంది. అందుకే పుట్టిన ఇరవై నాలుగు గంటల్లోపు మొదటి డోసు వేస్తారు. మీ టీకా కార్డుల్లో ఆ గడిలో తేదీ ఉందో లేదో చూసి నాకు చెప్పండి. లేకపోతే కంగారు వద్దు, ఇప్పుడైనా వేయించుకోవచ్చు. అమ్మను అడగండి.

మీ తాతయ్య