సివిల్, ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ చదువు: అపోహలు - వాస్తవాలు

ఈఏపీసెట్ ర్యాంకులు వెలువడి, వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజులు దగ్గరపడేకొద్దీ తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్నలు ఏటా దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. సివిల్‌లో చేర్పించవచ్చునా, చేరితే ఉద్యోగం మాటేమిటి, పేరులో ‘ఎన్విరాన్‌మెంటల్’ అని కలిపిన కోర్సులో అదనంగా ఏం నేర్పుతారు అన్నవే వాటిలో ముఖ్యమైనవి. తాగునీటి, మురుగునీటి పథకాల డిజైన్‌లో చాలాకాలం పనిచేసి, ఆ తరువాత అదే విషయాన్ని బోధిస్తున్నవాడిగా నాకు తోచేదేమిటంటే, ఆ ప్రశ్నల వెనుక ఉన్న భయాల్లో కొన్ని నిజమైనవే గానీ, ఎక్కువ భాగం ఈ చదువులో ఏముంటుందో తెలియకపోవడం వల్ల పుట్టినవి.

అపోహ: సివిల్ అంటే ఇళ్లు కట్టడం. పర్యావరణం దానికి ఈమధ్య తగిలించిన తోక.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్ నగరంలో వేలాదిమందిని బలిగొన్న తరువాత, నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని సలహా కోసం పిలిపించింది. నది ఒడ్డున గోడలు కట్టించడంతో ఆయన సరిపెట్టలేదు. నగరానికి ఎగువన జలాశయాలు కట్టి వరదను అక్కడే పట్టి ఉంచాలని సూచించి, దానితోపాటు నగరానికి భూగర్భ మురుగునీటి వ్యవస్థ ఉండాలని ప్రణాళిక ఇచ్చారు. ఆ సూచనల ఫలితంగా మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లోనూ, దాని ఉపనది ఈసీపై హిమాయత్ సాగర్ 1927లోనూ పూర్తయి, వరదను ఆపడానికి కట్టిన ఆ రెండు చెరువులే దశాబ్దాలపాటు నగరానికి తాగునీరు అందించాయి. వరద, తాగునీరు, మురుగు అన్నవి మూడు వేర్వేరు శాఖల వ్యవహారాలుగా ఇప్పుడు మనకు కనిపిస్తున్నాయి గానీ, నీరు మాత్రం ఆ విభజనను ఎన్నడూ పాటించలేదు. సివిల్‌ను, పర్యావరణాన్ని కలిపి చదవడానికి అసలు కారణం ఇదే. ఇందులో ఫ్యాషన్ ఏమీ లేదు.

మన విశ్వవిద్యాలయాల్లో బీటెక్ స్థాయిలో ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ సాధారణంగా సివిల్‌లో భాగంగానే ఉంటుంది. దానిని ప్రత్యేకంగా చదవదలచినవారు ఎంటెక్‌లో చదువుతారు. గేట్ పరీక్షలో 2021 నుంచి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజనీరింగ్‌కు విడిగా పేపరు కూడా ఉంది. అమెరికాలో మాత్రం చాలా విశ్వవిద్యాలయాల్లో శాఖ పేరే ‘సివిల్ అండ్ ఎన్విరాన్‌మెంటల్’ అని ఉంటుంది.

అపోహ: ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ అంటే మొక్కలు నాటడం, నినాదాలు రాయడం, వ్యాసాలు కంఠస్థం చేయడం.

బీటెక్ మొదట్లో అందరికీ ఉండే పర్యావరణ అధ్యయనం అనే చిన్న సబ్జెక్టును చూసి ఈ అభిప్రాయానికి వస్తారు. అసలు ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ మొదలయ్యేది ల్యాబ్‌లో, బీఓడీ సీసా దగ్గర. మురుగునీటిలోని సేంద్రియ పదార్థాన్ని తినడానికి సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలతే బీఓడీ. మన ప్రామాణిక పద్ధతిలో దీనిని 27 డిగ్రీల వద్ద 3 రోజులు ఉంచి కొలుస్తారు. విదేశీ పాఠ్యపుస్తకాల్లో 20 డిగ్రీల వద్ద 5 రోజులు అని ఉంటుంది కనుక పరీక్షల్లో విద్యార్థులు ఈ రెండింటినీ తరచూ కలిపేస్తుంటారు.

నీటిలో కరిగి ఉండగల ఆక్సిజన్ ఆ ఉష్ణోగ్రతలో లీటరుకు దాదాపు 8 మి.గ్రా. మాత్రమే. ఇళ్ల నుంచి వచ్చే మురుగుకు కావలసినది లీటరుకు 200 మి.గ్రా. దాటి ఉండవచ్చు. కాబట్టి మురుగును నేరుగా సీసాలో పోసి మూత పెడితే, ఉన్న ఆక్సిజన్ త్వరగా హరించుకుపోయి చివరికి కొలవడానికి ఏమీ మిగలదు. అందుకే దానిని ఆక్సిజన్ నిండుగా ఉన్న నీటితో అనేక రెట్లు పలుచన చేసి, 300 మిల్లీలీటర్ల సీసాలో గాలి బుడగ ఒక్కటి కూడా మిగలకుండా నింపి, ఇంక్యుబేటర్‌లో పెడతారు. గడువు తీరాక మాంగనస్ సల్ఫేటు, ఆల్కలీ అయోడైడ్ అజైడ్ ద్రావణాలు కలిపితే, ఆక్సిజన్ మిగిలి ఉన్న సీసాలో గోధుమరంగు అవక్షేపం, ఏమీ మిగలని సీసాలో తెల్లని అవక్షేపం కనిపిస్తాయి. సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే ఆ గోధుమరంగు అవక్షేపం కరిగి ద్రావణం పసుపురంగులోకి వస్తుంది. దానిలోకి బ్యూరెట్ నుంచి థయోసల్ఫేట్ వదులుతూ, రంగు లేతబడ్డాక స్టార్చ్ కలిపి, ఏర్పడిన నీలిరంగు పోయేదాకా చుక్కలు లెక్కపెట్టాలి. పలుచన ఎంత చేయాలో ముందే సరిగా అంచనా వేయని బ్యాచి ఈ పనంతా చేసి, గడువు తీరిన రోజున తెల్లని అవక్షేపాన్ని చూసి మళ్లీ మొదటికి వస్తుంది. నా దృష్టిలో నాలుగేళ్ల చదువులో ఇంతకన్నా బాగా ఓర్పు నేర్పే ప్రయోగం లేదు.

ఆ అంకె ల్యాబ్ రికార్డులోనే ఆగిపోదు. మురుగునీటిని శుద్ధి చేసి నదుల్లోకి, చెరువుల్లోకి వదలడానికి పర్యావరణ పరిరక్షణ నిబంధనలు పెట్టిన సాధారణ ప్రమాణం లీటరుకు 30 మి.గ్రా. బీఓడీ. పదివేల జనాభా గల కాలనీకి మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నీరిస్తే, అందులో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందన్న లెక్కన రోజుకు దాదాపు 10.8 లక్షల లీటర్లు శుద్ధి చేయాలి. దాని బీఓడీని 250 నుంచి 30కి దించాలంటే ఎంత ఆక్సిజన్ కావాలి, దానిని అందించే బ్లోయర్ల సామర్థ్యం ఎంత, కరెంటు బిల్లు ఎంత అన్న లెక్కలన్నీ ఆ సీసా నుంచే బయలుదేరతాయి. ఈ తరహా శుద్ధి కేంద్రానికి అయ్యే విద్యుత్తులో ఎక్కువ భాగం ఈ గాలి ఊదడానికే పోతుంది కాబట్టి, అపార్టుమెంట్ల ఎస్టీపీల్లో (మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో) బ్లోయరు ఆపేసి ‘నడుస్తోంది’ అని రిజిస్టరులో రాసే అలవాటు ఎందుకు వచ్చిందో కూడా దీనివల్లే అర్థమవుతుంది.

ఇంటర్‌తో కెమిస్ట్రీ పీడ వదిలిందనుకునేవారికి రెండు ఉదాహరణలు చెబుతాను. నల్లగొండ జిల్లా పేరుమీద ప్రపంచానికి తెలిసిన ‘నల్లగొండ టెక్నిక్’ నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించినది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే ఈ పద్ధతిలో రసాయనాల మోతాదు తప్పితే తాగేనీటిలో అల్యూమినియం మిగిలిపోతుంది, అడుగున చేరిన బురదను ఎక్కడ పారబోయాలన్నది మరో సమస్య అవుతుంది. రెండవది అమెరికాలోని ఫ్లింట్ నగరం. 2014 ఏప్రిల్‌లో అక్కడ తాగునీటిని ఫ్లింట్ నది నుంచి తీసుకోవడం మొదలుపెట్టినప్పుడు, పైపుల తుప్పును అరికట్టే రసాయనాన్ని కలపకపోవడం వల్ల పాత పైపుల్లోని సీసం నీటిలోకి దిగి ఇళ్లకు చేరింది. పైపులు, పంపులు అన్నీ ఉన్నాయి. లోపించింది నీటి రసాయనశాస్త్రాన్ని పట్టించుకోవడం.

అపోహ: లెక్కలు రానివారు తీసుకునే బ్రాంచి ఇది.

ఈ మాట అనేవారు వానలు, వరదల లెక్కలు నేర్పే హైడ్రాలజీ పేపరు చూసి ఉండరు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వంటి ప్రాంతాలు మునిగిన రోజుల్లోనే, ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణా ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఇంతటి వరదల గురించి మాట్లాడేటప్పుడు ‘వందేళ్ల వరద’ అన్నమాట వింటాం, విన్నవారు ఒకసారి వచ్చింది కనుక ఇక వందేళ్లదాకా రాదని నిశ్చింతపడతారు. ఏ ఒక్క ఏడాదిలోనైనా ఆ స్థాయి వరద రావడానికి 1 శాతం అవకాశం ఉందన్నదే దాని అర్థం. నిరుడు వచ్చినా ఈ ఏడాది అవకాశం అదే 1 శాతం. 30 ఏళ్ల ఇంటి అప్పు తీర్చేలోగా ఒక్కసారైనా రావడానికి గల సంభావ్యత, 0.99ని 30 సార్లు గుణించి 1 నుంచి తీసివేస్తే, 26 శాతం అవుతుంది. వందేళ్లకు అదే లెక్క వేస్తే 63 శాతం వస్తుంది గానీ 100 కాదు. కల్వర్టు ఎంత వెడల్పు ఉండాలి, కట్ట ఎంత ఎత్తు లేపాలి అని నిర్ణయించేది ఈ సంభావ్యతే కాబట్టి, ఇంటర్‌లో ఆ అధ్యాయాన్ని ఛాయిస్‌లో వదిలేసిన విద్యార్థి ఇక్కడ తప్పక ఇబ్బంది పడతాడు. దీనికి అవకలన సమీకరణాలు, ఫ్లూయిడ్ మెకానిక్స్ తోడవుతాయి.

అపోహ: ఇప్పుడంతా సాఫ్ట్‌వేరే, కట్టడాల డిజైన్ చేసిపెట్టే స్టాడ్ నేర్చుకుంటే చాలు.

రెండు గోడలమీద నిలిచిన 5 మీటర్ల బీముపై మీటరుకు 20 కిలోన్యూటన్ల భారం ఉందనుకుందాం. రెండు కొసలూ స్వేచ్ఛగా ఆనుకుని ఉంటే మధ్యలో బెండింగ్ మొమెంట్, అంటే బీమును వంచే ప్రభావం, 62.5 కిలోన్యూటన్ మీటర్లు. అదే మోడల్‌లో సపోర్టును ‘పిన్డ్’ (కొస తిరగగలది) అనడానికి బదులు ‘ఫిక్స్‌డ్’ (కదలకుండా బిగించినది) అని క్లిక్ చేస్తే మధ్యలో మొమెంట్ 20.8కి, అంటే సరిగ్గా మూడోవంతుకు పడిపోతుంది. సాఫ్ట్‌వేరు ఏ హెచ్చరికా ఇవ్వదు, రంగురంగుల చిత్రం అంతే అందంగా వస్తుంది. దాని ప్రకారం కింద ఇనుము తగ్గించి వేస్తే, కొసలను కదలకుండా పట్టి ఉంచే శక్తి ఇటుక గోడకు లేదు కనుక, మిగతా కథ స్లాబు సెంట్రింగ్ విప్పాక తెలుస్తుంది. రెండో ఏడాదిలోనే చేత్తో చేయగల ఈ లెక్కను చూసుకోకుండా వంద పేజీల ప్రింటవుట్ తెచ్చే కుర్రవాడిని ఏ సీనియర్ ఇంజనీరూ నమ్మడు. సాఫ్ట్‌వేరు నేర్చుకోవద్దని నేను అనడంలేదు. ఈపానెట్ (నీటి పైపులైన్లకు), హెక్-రాస్ (నదీ ప్రవాహాలకు), క్యూజీఐఎస్ (మ్యాపులకు) వంటివి ఉచితంగానే దొరుకుతాయి, నేర్చుకోవాలి కూడా. కానీ ఫలితం ఎంత రావాలో ఉజ్జాయింపుగా తెలిసిన తరువాతనే కంప్యూటరు ముందు కూర్చోవాలి.

అపోహ: ఇది అమ్మాయిలకు పనికివచ్చే బ్రాంచి కాదు.

1940ల తొలి సగంలోనే చెన్నై గిండీ కాలేజీలో పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జ్ సివిల్ చదివారు. అదే కాలంలో అక్కడే తెలుగింటి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత ఎలక్ట్రికల్ చదివారు. త్రేసియా 1971లో కేరళ పబ్లిక్ వర్క్స్ శాఖకు చీఫ్ ఇంజనీరు అయ్యారు. మన కాలానికి వస్తే, ప్రకాశం జిల్లా నుంచి వచ్చి జేఎన్‌టీయూ కాకినాడలో సివిల్ చదివిన మాధవీలత బెంగళూరు ఐఐఎస్‌సీలో ప్రొఫెసరుగా ఉంటూ, జమ్మూ కశ్మీర్‌లోని చీనాబ్ రైల్వే వంతెన పునాదులకు జియోటెక్నికల్ (నేల, రాతి సంబంధమైన) సలహాదారుగా 17 ఏళ్లు పనిచేశారు. నదీగర్భానికి 359 మీటర్ల ఎత్తున ఉన్న ఆ వంతెన 2025 జూన్ 6న ప్రారంభమైంది. తవ్వినకొద్దీ రాతి స్వభావం ముందస్తు సర్వేకు భిన్నంగా కనిపించడంతో, దొరికిన రాతిని బట్టి డిజైన్‌ను ఎప్పటికప్పుడు మార్చుకుంటూ పోయారు. అయితే సైటులో మరుగుదొడ్డి సౌకర్యం, రాత్రి ప్రయాణాలు, మేస్త్రీల చిన్నచూపు వంటి ఇబ్బందులు లేవని చెప్పలేను. అవి సైటు నడిపేవారి లోపాలు, వారే సరిదిద్దాలి.

అపోహ: ఉద్యోగాలు లేవు.

ఇది సగం నిజం. మొదటి జీతం సాఫ్ట్‌వేరుతో పోలిస్తే తక్కువే, క్యాంపస్‌కు వచ్చే కంపెనీలూ తక్కువే, సైటులో ఆదివారం కూడా సెలవు దొరకని ఉద్యోగాలు చాలానే ఉన్నాయి. ఈ సంగతి దాచి పిల్లలను చేర్పించుకోవడం అన్యాయం. మరోవైపు ప్రభుత్వ శాఖల్లో ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) పోస్టులు, యూపీఎస్సీ ఇంజనీరింగ్ సర్వీసెస్, కాలుష్య నియంత్రణ మండళ్లు, నీటి పథకాల కన్సల్టెన్సీలు, పరిశ్రమల్లో వ్యర్థజలాల నిర్వహణ ఉన్నాయి. వీటిలో జీతం పెరిగేది అనుభవంతో కనుక, మొదటి అయిదేళ్లు ఓపిక పట్టలేని ఆర్థిక స్థితిలో ఉన్న కుటుంబం ఆ విషయం ముందే ఆలోచించుకోవడం మంచిది. అమెరికాలో ఎంఎస్ చేయదలచినవారు డిగ్రీతో పని పూర్తవుతుందనుకోకూడదు. అక్కడ డ్రాయింగుపై సీలు వేసే హక్కు రాష్ట్రం ఇచ్చే పీఈ (ప్రొఫెషనల్ ఇంజనీర్) లైసెన్సుతోనే వస్తుంది, దానికి ముందు సాధారణంగా ఎఫ్ఈ (ఫండమెంటల్స్ ఆఫ్ ఇంజనీరింగ్) పరీక్ష, కొన్నేళ్ల అనుభవం ఉండాలి. ఎఫ్ఈ పాఠ్యాంశాలు చాలావరకు మన బీటెక్‌లోవే గనుక, చదివినది మరచిపోకముందే రాయడం తెలివైన పని.

అపోహ: సిలబస్ ఒకటే కనుక ఏ కాలేజీ అయినా ఒకటే.

ఈ బ్రాంచికి సంబంధించినంతవరకు తేడా అంతా ల్యాబుల్లో, సర్వే క్యాంపులో ఉంటుంది. ఆప్షన్లు పెట్టేముందు వీలైతే కాలేజీకి ఒకసారి వెళ్లి రండి. సర్వే క్యాంపు నిజంగా ఊరి బయట జరుగుతుందా, లేక క్యాంపస్ మైదానంలో ఫోటోలు తీసి ముగిస్తారా అని సీనియర్ విద్యార్థులను అడగండి. ఎన్విరాన్‌మెంటల్ ల్యాబ్‌లో బీఓడీ ఇంక్యుబేటర్ తలుపు తెరిచి లోపల సీసాలున్నాయో, పాత రికార్డు పుస్తకాలున్నాయో చూడండి. కాంక్రీట్ ల్యాబ్‌లో క్యూబులను పగలగొట్టే యంత్రానికి క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్, అంటే దాని కొలత సరిగా ఉందని తనిఖీ చేసి ఇచ్చే పత్రం, అడిగి, దానిమీది తేదీ చదవండి.