గేమ్ ఇంజిన్‌లో భవనాలు: అపోహలు - వాస్తవాలు

ఉన్న భవనాన్ని గేమ్ ఇంజిన్‌లో, అంటే వీడియో గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో, మళ్లీ కట్టడం నా పని. అందులో తిరగొచ్చు, తలుపులు తీయొచ్చు, లైట్లు వేయొచ్చు. ఈ మాట చెప్పగానే ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: ఆర్కిటెక్ట్ దగ్గర త్రీడీ మోడల్ ఉందిగా, ఇంజిన్‌లో వేస్తే అయిపోతుంది.

వాస్తవం: వేస్తే తెరుచుకుంటుంది, నడవదు. ఆ మోడల్ కట్టడం కోసం గీసింది. తలుపు పిడి లోపలి స్క్రూ కూడా అందులో ఉండొచ్చు. వీఆర్ హెడ్‌సెట్‌లో సెకనుకు 90 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు చిక్కేది 11 మిల్లీసెకన్లు. అందులో ఎవరికీ కనబడని స్క్రూలు గీస్తూ కూర్చుంటే, తల తిప్పినప్పుడు బొమ్మ వెనకబడి చూసేవాళ్లకి కళ్లు తిరుగుతాయి. అన్‌రియల్ అనే గేమ్ ఇంజిన్ ఐదో వెర్షన్‌లో నానైట్ (కంటికి కనబడేంత వివరమే గీసే పద్ధతి) వచ్చాక ఈ బెంగ కొంత తగ్గింది. అవతలిది కనబడే వాటికి అది పనిచేయదు కాబట్టి గాజు తలుపులతో మాత్రం పాత తంటానే.

అపోహ: లేజర్ స్కాన్ చేస్తే ఉన్నది ఉన్నట్టు దిగిపోతుంది.

వాస్తవం: స్కానర్ లేజర్ కిరణాన్ని పంపి దూరాలు కొలుస్తుంది, ఆ కిరణానికి అద్దమంటే గుమ్మమే. నేను మొదట్లో చేసిన ఒక స్కాన్‌లో హాలు గోడ వెనక ఇంకో హాలు వచ్చింది. అవే కుర్చీలు, కుడి ఎడమలు తారుమారు! ప్లాన్ రెండుసార్లు తిరగేశాక గానీ ఆ గోడకున్న నిలువుటద్దం గుర్తురాలేదు. పైగా స్కాన్‌కి తలుపూ గోడా ఒకే ముద్ద. తలుపు తెరుచుకోవాలంటే దాన్ని విడిగా చేసుకోవాల్సిందే.

అపోహ: కొలతలు సరిగ్గా ఉంటే భవనం సరిగ్గానే అనిపిస్తుంది.

వాస్తవం: నన్ను ఎక్కువగా ఇబ్బందిపెట్టింది ఇదే. అన్‌రియల్‌లో పాత్ర నడక వేగం ముందుగానే సెకనుకు 6 మీటర్లని పెట్టి ఉంటుంది, అంటే గంటకు 21.6 కిలోమీటర్లు. మనిషి మామూలుగా నడిచేది సెకనుకు 1.4 మీటర్లు. 30 మీటర్ల వరండా 5 సెకన్లలో దాటేస్తే ఎవరికైనా "ఇంత పొట్టిదా?" అనిపిస్తుంది. కెమెరా చూపు వెడల్పేమో ముందుగానే 90 డిగ్రీలు. మామూలు మానిటర్ మీద దాంతో గది సాగినట్టు కనబడుతుంది. అంగుళం తేడా లేకుండా కట్టిన భవనంలో వరండా కురచ, గది విశాలం! వేగం 1.4కి దించితే "మరీ నత్తనడకలా ఉంది" అంటారు. అయినా దించుతాను.

అపోహ: ఇందులో మంట పెట్టి చూస్తే భవనం భద్రమో కాదో తేలిపోతుంది.

వాస్తవం: తేలదు. గేమ్‌లో పొగ బొమ్మ మాత్రమే, మేం ఎటు పొమ్మంటే అటు పోతుంది. పొగ, వేడి లెక్కలకు ఫైర్ డైనమిక్స్ సిమ్యులేటర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లు వేరే ఉన్నాయి. బయటపడే దారి అలవాటు చేయడానికైతే మాది పనికొస్తుంది.

అపోహ: 2019లో కాలిన పారిస్ చర్చి నోత్ర్ దామ్‌ని వీడియో గేమ్ చూసి మళ్లీ కట్టారు.

వాస్తవం: 2014లో వచ్చిన 'అసాసిన్స్ క్రీడ్ యూనిటీ' గేమ్‌లో ఆ చర్చి ఉంది, దాని గురించి పుట్టిన మాట ఇది. నిజమైన కొలతలు కావాలంటే, కళాచరిత్రకారుడు ఆండ్రూ టాలన్ 2010లోనే ఆ చర్చిని లేజర్‌తో స్కాన్ చేశారు. గేమ్‌లోది చిత్రకారుల ఊహ కలిసిన రూపం. కథేమో 18వ శతాబ్దం చివరి ఫ్రెంచి విప్లవ కాలానిది, గేమ్‌లో చర్చి మీదున్న శిఖరం మాత్రం 19వ శతాబ్దంలో ఆర్కిటెక్ట్ వియొలే లె దూక్ కట్టించినది. ఆటకి అది తప్పని నేననను, శిఖరం లేకపోతే చాలామంది ఆ చర్చిని గుర్తుపట్టరు. కానీ పాత కట్టడం పని నా చేతికొస్తే డబ్బు మాట కన్నా ముందు అడిగేది ఒక్కటే: ఏ సంవత్సరం నాటి భవనం కావాలి?